“మీ యిష్టము”

మన యిండ్లలో నొక మాట కలదు. పెండ్లి చీర మొదలు పెద్దవారి వైద్యము వరకు ఎవ్వరేమి యడిగినను స్త్రీల నోట ముందుగా వెలువడు మాట యది: “మీ యిష్టము.” వినువారికి అది వినయముగా తోచును. పెంపకము మంచిదని మెచ్చుకొందురు. పలికినవారి మనస్సులో నేమున్నదో మాత్ర మెవ్వరికిని తెలియదు.

చీరల విషయమున దీనివలన గొప్ప నష్టము లేదు. నచ్చని చీర పెట్టె యడుగున పడియుండును. కాని కాలుచేతులు స్వాధీనము తప్పి, మిగిలిన జీవితమును ఎట్లు గడపవలెనో తేల్చుకొనవలసిన సమయమున గూడ మనవారు “మీ యిష్టము” అనియే యందురు. అప్పుడు చుట్టునున్నవారు తమ కేది మేలని తోచునో దానినే రోగి కోరినదిగా నెంచి నడచుకొందురు. ఈ చిక్కు మన దేశమునకే పరిమితమైనది కాదు. దీనిని విడదీయుటకై యితర దేశముల విద్వాంసులు కొన్ని క్రమపద్ధతులు కల్పించిరి. అవి యెట్టివో, మా యింట నెట్లుపయోగపడినవో సోదరీమణులకు తెలుపదలచితిమి.

జ్వరము వచ్చినపుడు వైద్యుడు మందిచ్చును, మనము పుచ్చుకొందుము. జ్వరము తగ్గవలెనని యెవ్వరి నడిగినను చెప్పుదురు. పక్షవాతము, వెన్నెముకకు దెబ్బ, కాలు తీసివేయుట, దీర్ఘకాలపు మనోవ్యాధి మొదలగువానిలో ప్రాణభయము గడచిన పిదప మొదలగు చికిత్స యట్టిది కాదు. దానిని పునరావాస చికిత్స యందురు. పోయినదంతయు తిరిగి రాకపోవచ్చును; ఉన్న శక్తితో బ్రదుకును మరల కూర్చుకొనవలెను. ముందుగా దేనిని కూర్చుకొనవలెను? నడకయా, మాటయా, స్నానమా, వంటయా? బలమును, దినములును, ధనమును మితముగానే యుండును గనుక అన్నిటిని ఒక్కసారిగా చేపట్టుటకు వీలు లేదు. అభ్యాసము మొదలిడుటకు ముందే గురి యేర్పడవలెను. కండరములు, నరములు ఎట్లు కోలుకొనునో వైద్యుడెరుగును. తనకు దేనిని చేయలేకుండుట యెక్కువ బాధగా నున్నదో రోగియే యెరుగును. ఈ రెండు తెలివిడులను ఒకచోట చేర్చి నిశ్చయించుటకు ఉమ్మడి నిర్ణయమని పేరు. 1982వ సంవత్సరమున అమెరికా దేశాధ్యక్షుని పేర నేర్పడిన వైద్యనీతి సంఘము తన నివేదికలో ఈ మార్గమునే సమర్థించెను. అది మొదలు నేటివరకు ఎందరో పండితులు ఆ మంచి మాటకు మెట్లు కట్టిరి: రోగి నెట్లడుగవలెను, ఏది ముందు, ఏది వెనుక, చెప్పినదానిని ఎట్లు వ్రాసికొనవలెను అని.

ఇక మా యింటి సంగతి. మేము తెనాలి ప్రాంతమున నొక పల్లెలో కాపురముండు రెండవ కోడలము. మా అత్తగారికి డెబ్బది నాలుగేండ్లు. మామగారు బడిపంతులుగా పనిచేసి కాలము చేసిరి. ఆయన పింఛను ఆమెకు వచ్చుచున్నది. ఒకనాటి వేకువను కల్లాపి చల్లి లోనికి వచ్చుచు ఆమె గుమ్మమువద్ద కూలబడిరి. గుంటూరులో నొక ఆసుపత్రికి తీసికొని పోయితిమి. తొమ్మిది దినములలో ప్రాణమునకు భయము లేదనిరి. కుడిచేయి వ్రేలాడుచుండెను. ఇరువురు పట్టుకొనిన కుడికాలు మోపగలిగిరి. మాట మెల్లగా, ముక్కలుముక్కలుగా వచ్చుచుండెను. తెలివి మాత్రము చెక్కు చెదరలేదు.

మొదటి నెలలలోనే యెక్కువ కోలుకొందురనియు, వానిని వృథాపుచ్చరాదనియు వైద్యులు చెప్పిరి. అంతట ఆమె నెచట నుంచవలెనను ప్రశ్న పుట్టెను. ముగ్గురు బిడ్డలకు మూడు అభిప్రాయములు. మా బావగారు విజయవాడలో నుద్యోగము చేయుచున్నారు. అమ్మను పట్టణములోని పునరావాస వార్డులో ఆరు వారములుంచవలెనని ఆయన. హైదరాబాదులోని తన యింటికి తీసికొని పోయెదనని మా ఆడబిడ్డ. పుట్టి బుద్ధెరిగిన యిల్లు విడిచి ఆమె యుండలేదనియు, ఇంటివద్దనే చేయింతమనియు మా వారు. ముగ్గురును తల్లిని ప్రేమించువారే. మాటలు పెరిగి, వరండాలో నిలిచి ఒకరితో నొకరు మాటాడుట మానివేయువరకు వచ్చెను. తుదకు మంచముకడకు పోయి, “అమ్మా, నీ కేం కావాలో చెప్పు” అని యడిగిరి. ఆమె ముగ్గురి మొగములును చూచి, ఎడమచేయి కొంచెమెత్తి, “మీ యిష్టం” అనిరి.

ఆమె నడుగలేదని యెవ్వరనగలరు? అడిగిరి, ఆమెయు బదులు చెప్పిరి. కాని ఆ బదులులో ఆమె లేదు. ఏ బిడ్డ మాటను కాదన్నను ఒకరికి నొప్పి కలుగునను భయమే యుండెను.

ఆ వార్డులో రోగులచేత నిత్యకృత్యముల నభ్యాసము చేయించు ఆక్యుపేషనల్ థెరపిస్టు ఒక చిన్నది యుండెను. ముప్పది యేండ్లు మించవు. ఈ తగవంతయు చూచి, ఆమె ఒక స్టూలు తెచ్చుకొని అత్తగారి కన్నులకు సమముగా కూర్చుండెను. ఆమె యనుసరించినది మూడు సంభాషణల పద్ధతియని తరువాత మాకు చెప్పెను. గ్లిన్ ఎల్విన్ అను వైద్యాచార్యుడును ఆయన సహచరులును దానిని 2012లో ప్రకటించి 2017లో సవరించిరి. అందు మొదటిది జట్టు మాట: ఇచట దారులు ఒకటికి మించి కలవు, ఎన్నుకొనుటలో మేము మీకు తోడుందుము అని రోగికి తెలియజేయుట. రెండవది దారుల మాట: ఒక్కొక్క దారిలోని మేలు కీడులను దాపరికము లేక ఎదుట పరచుట. మూడవది తేల్చు మాట: రోగికి ముఖ్యమైనదేదో కనుగొని, దానికి తగిన దారిని కలిసి నిశ్చయించుట. దారులు తెలియకముందే “ఏది కావలెను?” అని యడిగినచో “మీ యిష్టము” అనుట తప్ప రోగి మరేమి చెప్పగలదు?

“మామ్మగారూ, మీ యిష్టం అని మీరు తర్వాతైనా అనవచ్చు. ముందు దారులేమిటో చూడండి,” అని ఆ చిన్నది పాత క్యాలెండరు కాగితము వెనుక మూడు నిలువు గడులు గీసెను. మొదటి గడిలో పట్టణపు వార్డు: దినమునకు రెండు పూటల అభ్యాసము, స్నానము, మరుగు పనులకు ఆయాలు, ఖర్చు అన్నిటికంటె నెక్కువ, ఇంటికి దూరము. రెండవ గడిలో హైదరాబాదు: లిఫ్టు గల యిల్లు, వారమునకు మూడు మారులు ఆసుపత్రికి పోయి వచ్చుట, కూతురును అల్లుడును సాయంత్రము వరకు ఉద్యోగములలో నుందురు గనుక పగటికి మనిషిని పెట్టుకొనవలెను. మూడవ గడిలో పల్లె: తెనాలినుండి థెరపిస్టు వారమునకు మూడు దినములు వచ్చును, తక్కిన దినములు ఇంటివారు చేయింపవలెను, మరుగుదొడ్డి పెరటిలో నున్నది, నాలుగు మెట్లు దిగవలెను, ఖర్చు తక్కువ, కోడలి చాకిరి యెక్కువ. ఏ దారిని పోయినను చేయి యెంతవరకు వచ్చునో ఎవ్వరును ముందుగా చెప్పలేరని క్రింద పెద్ద యక్షరములతో వ్రాసి చదివి వినిపించెను. ఆ కడపటి మాట రోగి యెదుట నేల యని మా ఆడబిడ్డ కన్నీరు పెట్టుకొనెను. అత్తగారు మాత్రము తల యూపి, ఆ కాగితము తన దిండు ప్రక్కన పెట్టుమని సైగ చేసిరి.

ఆ రాత్రి యెవ్వరును ఆమె నేమియు నడుగరాదని థెరపిస్టు మాట తీసికొనెను. మరునాడు ఉదయము బిడ్డలు లేని వేళ ఒకసారియు, వారు వచ్చిన పిదప ఇంకొకసారియు తానే యడిగెను. రెండు మార్లును అత్తగారి యెడమచేతి వ్రేలు ఒక్క గడి మీదనే నిలిచెను. అది పల్లె కాదు, హైదరాబాదును కాదు, పట్టణపు వార్డు.

మా వారు నిర్ఘాంతపోయిరి. “అక్కడెందుకమ్మా?” అని యడుగగా ఆమె కూడబలుకుకొని యిట్లనిరి: “అక్కడ వాళ్లు జీతానికి చేస్తారు. కోడలు చేస్తే నాకు సిగ్గు. మనవడు చూస్తాడు.” మా వారికి వేరొక బాధ కలదు. ముసలితల్లిని ఆసుపత్రిలో పడవేసిరని లోకులందురు. “ఊళ్లో ఏమనుకుంటారమ్మా?” అనిరి. అత్తగారు కొంతసేపు మాటకొరకు వెదకికొని, “ఊరు నన్ను లేవదీస్తుందా?” అనిరి. మావారికి బదులు తోచలేదు.

ఇంటిని విడిచి ఆమె యుండలేదని అందరును అనుకొనుచుండిరి. అది ప్రేమతో ననుకొనినదే. కాని ఆమెకు ఇంటికంటెను ముఖ్యమైనది మానము. తన దేహమును కన్నబిడ్డలును కోడండ్రును మోయుట ఆమెకు రోగముకంటె గొప్ప కష్టముగా నుండెను. అర్ధశతాబ్దము ఆ యింట అందరికిని చేసిన చేయి యది. ఆరు వారములకు బదులు నాలుగు వారములుండుటకును, ఆలోపల పెరటి మెట్లకును స్నానాల గదికిని కడ్డీలు వేయించుటకును, నాలుగవ వారము తుదిని మరల కూర్చుండి ఆలోచించుటకును ఒప్పుదల కుదిరెను. ఒకసారి నిర్ణయించినది మార్చుకొనుటకు వీలుండవలెనని ఆ మరల కూర్చుండు తేదీని గూడ కాగితముపై వేసిరి.

వార్డులో చేరిన రెండవ నాడు ఇంకొక పద్ధతి మొదలయ్యెను. దీనిని మేరీ లా అను విదుషియు మరికొందరును కెనడా దేశమున రూపొందించి 1990లో ప్రకటించిరి. పేరు కెనడియన్ ఆక్యుపేషనల్ పెర్ఫార్మెన్స్ మెజర్. పేరు పెద్దది గాని పని సులభము. రోగి దినచర్యను మూడు భాగములుగా విడదీసి మాటాడుదురు: తన దేహపు పనులు, ఇంటి పనులును వృత్తియు, వినోదము. చేయగోరియు చేయలేకున్న పనులను రోగియే చెప్పవలెను. ఒక్కొక్కటి యెంత ముఖ్యమో ఒకటి మొదలు పది వరకు అంకె వేయవలెను. వానిలో మిక్కిలి ముఖ్యమైనవి, అయిదింటికి మించకుండ, తీసికొందురు. ఒక్కొక్క పనిని ఇపుడెంత బాగుగా చేయగలుగుచున్నదో ఒక అంకె, ఆ చేయుటతో ఎంత తృప్తిగా నున్నదో మరియొక అంకె రోగియే వేయును. కొంతకాలమునకు మరల అవే పనులకు అంకెలు వేయించి పోల్చి చూతురు.

మా అత్తగారికి మాట త్వరగా అలసిపోవుచుండెను గనుక ఆ చిన్నది బొమ్మల చీట్లు తెచ్చెను. జపాను దేశమున ఇందుకొరకే టోమోరి అను ఆయనయు సహచరులును పలక వంటి కంప్యూటరుపై పనిచేయు ఒక సాధనమును చేసిరట. అందు నిత్యకృత్యముల బొమ్మలు తొంబదియైదు కలవు. రోగి తనకు ముఖ్యమైనవానిని వ్రేలితో తాకి యెన్నుకొనును. థెరపిస్టును తనకు ముఖ్యమని తోచినవానిని ఎన్నుకొనును. పిమ్మట ఇరువురును కలిసి తేల్చుకొందురు. ఆ సాధనమును గూర్చి 2012లో ప్రకటించిరి. మా థెరపిస్టు వద్ద అది లేదు. స్నానము, వంట, గుడి, బజారు, పుస్తకము, కలము, దువ్వెన మొదలగు బొమ్మలు తానే అట్టముక్కలపై గీసికొనెను. వానితోనే పని జరిగెను.

గుడికి నడచిపోవుటయే మొదటిదగునని మేమందరమును ఎదురు చూచితిమి. శనివారము గుడికి పోనిది ఆమె కడ లేదు. కాని ఆమె ముందుగా నెత్తినది మరుగుదొడ్డి బొమ్మ. రాత్రివేళ ఎవ్వరిని లేపకుండ తానుగా పోయి రావలెను, పదికి పది. తరువాత కలము బొమ్మ. దానికిని పదికి పది. పిమ్మట తల దువ్వుకొనుట ఎనిమిది, కాఫీ కలుపుకొనుట ఆరు. గుడికి అయిదే. “దేవుడు ఇంట్లోనూ ఉన్నాడు” అనిరి.

కలమెందులకో మాకు బోధపడలేదు. ఆడబిడ్డ చెప్పిన మీదట తెలిసెను. అత్తగారు కాపురమునకు వచ్చునాటికి అక్షరము రాదు. మామగారు రాత్రులు లాంతరు ముందు పలక పెట్టి నేర్పించిరి. ఆమె మొదట నేర్చినది తన పేరు. మామగారు పోయిన పిదప పింఛను కాగితముల మీద ప్రతి నవంబరునందును ఆమె సంతకము చేయుచుండిరి. రోగము వచ్చిన వారమునకే ఆసుపత్రిలో నొక కాగితముపై ఎవ్వరో ఆమె బొటనవ్రేలు సిరాలో అద్ది ముద్ర వేయించిరి. ఆనాటి రాత్రి ఆమె అన్నము తినలేదు. కారణము రోగమే యని యందరును అనుకొనిరి.

సంతకమునకు మూడు నెలల గడువుతో ఒక నిచ్చెన కట్టిరి. ఇది కిరెసుక్, షెర్మన్ అను ఇరువురు 1968లో మానసిక ఆరోగ్య సేవలకొరకు ప్రకటించిన పద్ధతి. దానిని గోల్ అటైన్‌మెంట్ స్కేలింగ్ అందురు. తరువాత ఇతర చికిత్సలలోను వాడుకలోనికి వచ్చెను. నడిమి మెట్టు సున్న: గడువునాటికి న్యాయముగా ఆశింపదగినది. పైన రెండు మెట్లు, క్రింద రెండు మెట్లు. మా అత్తగారి నిచ్చెన యిది: సున్న యనగా లావు పిడి కలముతో తన పేరు ఇంటివారు చదువగలుగునట్లు వ్రాయుట. ఒకటి యనగా బ్యాంకు కాగితపు గీతపై అది పట్టునట్లు వ్రాయుట. రెండు యనగా కూతురికి రెండు పంక్తుల జాబు వ్రాయుట. క్రిందుగా ఒకటి యనగా మొదటి అక్షరము మాత్రము వ్రాయుట. క్రిందుగా రెండు యనగా కలము నిలువక వేలిముద్రయే మిగులుట. ఎడమచేతితో నేర్చుకొనిన త్వరగా వచ్చునని థెరపిస్టు చెప్పెను. ఆ దారిని గూడ ఎదుట పెట్టెను. కుడిచేయితోనే యని అత్తగారు పట్టుపట్టిరి. ఆలస్యమగునని తెలిసియే యెన్నుకొనిరి.

ఇంకొక సంగతి సోదరీమణులకు ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. ఇంటికి పోవుటకు వారము ముందుగా ఆ చిన్నది మమ్ము వేరుగా కూర్చుండబెట్టి, “రాత్రి ఎన్నిసార్లు లేవగలరండీ?” అని యడిగెను. మేము అలవాటు చొప్పున “ఫరవాలేదమ్మా” అంటిమి. ఆమె కలము కదలింపలేదు. “ఫరవాలేదు అన్నది అంకె కాదండీ” అని నవ్వెను. ఒకసారి లేవగలమనియు, పొలము పనుల రోజులలో తెల్లవారక ముందే వంట చేయవలసి యుండుననియు చెప్పితిమి. ఆమె ఒకటి యని వ్రాసి, తక్కిన రాత్రికి మా వారి నడిగెను. ఆయన కొంత సేపు ఆలోచించి, రెండవ జాము తనదనిరి. ఇంతకాలము కోడలి “ఫరవాలేదు” కూడ అత్తగారి “మీ యిష్టము” వంటిదే గదా! ఉమ్మడి నిర్ణయమున సేవ చేయువారి శక్తియు లెక్కకు రావలెనని ఆమె చెప్పెను. లేనిచో కాగితముపై చక్కని యేర్పాటు ఒక స్త్రీ నడుము మీద నిలుచును.

మూడు నెలలు గడచినవి. రాత్రి మరుగుదొడ్డి సంగతిలో అత్తగారు మొదట చేయుటకు రెండు, తృప్తికి ఒకటి వేసియుండిరి. ఇపుడు ఏడును తొమ్మిదియు వేసిరి. మంచము ప్రక్కన చిన్న దీపము, గోడకు కడ్డీ, చేత నాలుగు కాళ్ల కర్ర. సంతకమునకు ఒకటియు ఒకటియు వేసినవారు నాలుగును ఆరును వేసిరి. రెండు అంకెలు పెరిగినను అది లెక్కింపదగిన మార్పే యని ఈ పద్ధతిని వాడువారు చెప్పుదురు. నిచ్చెనపై ఆమె సున్నవద్ద నిలిచిరి, ఒకటికి ఎక్కలేదు. ఆ నవంబరున బ్యాంకువారు వేలిముద్రయే తీసికొనిరి. కాని ఆ ముద్ర ప్రక్కన ఆమె వంకరటింకరగా తన పేరు గూడ వ్రాసి యిచ్చిరి. గుడికి నేటికిని బండి మీదనే పోవుచున్నారు. కుడిచేతి వ్రేళ్లు పూర్తిగా విచ్చుకొనవు. ఈ పద్ధతుల వలన పోయిన నరము తిరిగి వచ్చునని మేము చెప్పుటలేదు. ఉన్న మూడు నెలల బలము ఆమె కోరిన వానికే ఖర్చయినదని చెప్పగలము. నడక యొక్కటే గురిగా పెట్టియుండినచో అందరును ఆమెను గుడి దారిని ఈడ్చుచుండెడివారు. ఆమెయు “మీ యిష్టము” అని ఈడ్వబడుచుండెడివారు.

దీనిని విని కొందరు పెద్దలు, “చదివిన వైద్యుడుండగా రోగి నడుగుట యేల? అది బాధ్యత తప్పించుకొనుట కాదా?” అని యందురు. వైద్యుడు తన తెలివిని దాచుకొని “మీరే తేల్చుకొనుడు” అని పోయినచో అది నిజముగా బాధ్యత తప్పించుకొనుటయే. మింగునపుడు పొలమారుచున్నదా, నీళ్లు త్రాగింపవచ్చునా యనునది ఓట్లతో తేల్చు సంగతి కాదు. పరీక్షించి వైద్యుడు చెప్పవలెను. రెండు మూడు దారులు న్యాయమైనవిగా నుండి, వాని మేలు కీడులు మనిషి మనిషికి మారుచున్నపుడే ఉమ్మడి నిర్ణయము యొక్క అవసరము. మరి కొందరు, దీనికంతయు సమయమేదీ యందురు. మా అత్తగారి విషయమున దారుల కాగితమునకు పట్టినది ముప్పావు గంట. వరండాలో తగవు మూడు దినములు నడిచెను.

అయితే యీ పద్ధతులకు గల దోషము నొకదానిని దాచరాదు. గడులన్నియు నింపుటయే పనిగా పెట్టుకొని, రోగి మొగము చూడక అంకె లడుగువారు నుందురు. అంకె వేయుట చేతకాని రోగులు నుందురు. మతి చెదరినవారు, మాట పూర్తిగా పోయినవారు అయినపుడు బొమ్మలు, సైగలు, వారి పూర్వపు అలవాట్లు తెలిసినవారి సాక్ష్యము, ఓపిక కావలెను. అంతమాత్రమున వారి నడుగుట మానవచ్చునని కాదు. వికలాంగుల హక్కులను గూర్చిన ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 2006లో నేర్పడగా భారతదేశము 2007లో దానిని ధ్రువీకరించెను. దాని ననుసరించి 2016లో చేసిన మన వికలాంగుల హక్కుల చట్టము సంరక్షకుని పూర్వమువలె సర్వాధికారిగా చేయలేదు. పరిమిత సంరక్షకత్వమనగా పరస్పర విశ్వాసముతో నడచు ఉమ్మడి నిర్ణయమనియు, అది ఫలానా పనికి, ఫలానా గడువుకు మాత్రమే యనియు, ఆ వ్యక్తి యిచ్చ ననుసరించియే నడువవలెననియు అందు చెప్పబడినది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, తనకు జబ్బు చేసినపుడు ఏ చికిత్స కావలెనో, ఏది వలదో ముందుగానే వ్రాసి పెట్టుకొను హక్కు నిచ్చినది. కాబట్టి యీ యడుగుట కేవలము దయ కాదు, న్యాయము గూడ.

ఈ పద్ధతులు తెలిసిన థెరపిస్టు ప్రతి యూరను దొరకకపోవచ్చును. అయినను ఇల్లాండ్రు తమంతట చేయదగినది కొంత కలదు. రోగి యెదుట కూర్చుండి మాటాడుడు. మంచముమీది నుండి తలయెత్తి చూడవలసిన స్థితిలో నెవ్వరును కాదనలేరు. దారులెన్ని కలవో వైద్యుని అడిగి ఒక కాగితమున వ్రాయుడు. ఏమియు చేయక కొంతకాలము చూచుట కూడ ఒక దారియేమో యడుగుడు. ప్రతి దారికిని ఖర్చు ఎంత, చాకిరి యెవరిది, తెలియనిది యేది అని గీతలు గీయుడు. “ఏం కావాలి?” అని యొక్కసారిగా అడుగక, “పొద్దున లేచింది మొదలు ఏ పని దగ్గర ఎక్కువ కష్టమనిపిస్తోంది?” అని యడుగుడు. చదువురాని వారైనచో ఇంటిలోని వస్తువులనే ముందు పెట్టుడు: చెంబు, దువ్వెన, గరిటె, తాళపుచెవి, కలము. ముఖ్యమైనదానికి ఎక్కువ చింతగింజలు పెట్టుమనుడు. అంకెలు రానివారికిని చింతగింజలు వచ్చును. బిడ్డలు లేని వేళ ఒకసారి మరల అడుగుడు. రాత్రి గడువనిండు. సేవ చేయువారి నడిగి, వారెంత చేయగలరో అంకెతో వ్రాయుడు. మరల చూచుకొను తేదీ వేసి ఆ కాగితమును గోడకు తగిలింపుడు.

ఇన్ని చేసిన పిదపను పెద్దవారు “మీ యిష్టము” అనవచ్చును. తమవారిపై భారము వేసి నిశ్చింతగా నుండుటయు ఒక కోరికయే. అది నిజముగా వారి కోరికయైనచో మన్నింపవలసినదే. దారులన్నియు తెలిసి, తమ మనస్సులోనిది తాము చూచుకొని అనిన పిదప ఆ మాటకు విలువ కలదు. అంతకు ముందుగా అనిన “మీ యిష్టము”ను మాత్రము సోదరీమణులు బదులుగా తీసికొనక, ఒక స్టూలు లాగికొని మరల నడుగుదురు గాక యని ప్రార్థించుచున్నాము.